కరెంటు డబ్బాకి బొట్టు

నాకు పిచ్చి లేదు. ముందు ఆ ముక్క చెప్పేసి, తర్వాత మిగతా సంగతి చెబుతాను. ఎందుకంటే ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నన్ను చూడగానే పిల్లల్ని రెక్కపట్టుకుని లోపలికి లాక్కునే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కోపం ఉందంటే ఒప్పుకుంటాను. అది నాకు పుట్టుకతో వచ్చింది. పిచ్చి మాత్రం నాకు అంటగట్టారు.

మా ఆయన పేరు త్రినాథరావు. రైల్వేలో కరెంటు ఫిట్టరు. నాకు మేనత్త కొడుకే, అందుకని బావా అనే పిలుస్తాను. పనిమంతుడు, కాదనను. ఇంజన్ల షెడ్డులో దీపాలు ఆరినా, బంగళాలో ఫ్యాను ఆగినా త్రినాథ్‌ని పిలవండి అనేవారు. అంత పనిమంతుణ్ణీ ఏళ్ళ తరబడి టెంపరరీగానే ఉంచారు. పర్మినెంటు చేస్తే క్వార్టరు ఇవ్వాలి మరి. ఇటుక గోడలు, పెంకుల కప్పు, దగ్గర్లో కుళాయి. అది లేక మేం పట్టాల అవతల లాల్‌ఖదాన్‌లో మట్టి గుడిసెలో అద్దెకుండేవాళ్ళం. వాన పడితే కుంపటి ఎత్తుకుని పొడిచోటు వెతుక్కుంటూ గుడిసంతా తిరిగేదాన్ని. ఆ ఏడు పర్మినెంటు చేసేవాళ్ళ పేర్లు పై అధికారి తెల్లదొర బల్లమీదికి వెళ్ళాయనీ, సంతకం ఒక్కటే మిగిలిందనీ షెడ్డంతా చెప్పుకున్నారు. బావ నిద్రలో కూడా క్వార్టరు కలవరించాడు. నేను కలవరించలేదా అంటే, నేనూ కలవరించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, దుర్గాష్టమి నాడు, దొర బంగళాలో బేరాగా పనిచేసే నూకరాజు గుడ్డలో చుట్టిన ఇనప డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. నూకరాజుది మా వైపే, చీపురుపల్లి దగ్గర.

"త్రినాథన్నా, దొర కొడుకు కొండమీది బడినుంచి సెలవలకొచ్చినాడు. ఆడికో కరెంటు బొమ్మరైలుంది. దాన్ని నడిపే డబ్బా ఇది. వైరు పాడైపోనాది. రేపు సాయంత్రం ఆడి సావాసగాళ్ళని టీకి పిలిసినారు. రేపు మజ్జాన్నానికి కావాలన్నారు దొర."

"అయిపోద్దని సెప్పు," అన్నాడు బావ, గుడ్డ విప్పి చూడకుండానే.

"రేపు నవమి గదా. రేపు మనోళ్ళు పనిముట్టు ముట్టరని దొరకి తెలీదేటి?" అన్నాను నేను లోపల్నించి.

"అందుకే ఈయేళే సేసేస్తాను."

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా బావ ఇంట్లో కూడా పులి కాదు. దొర అన్న మాట వినిపిస్తే చాలు, అతని వెన్ను దానంతటదే వంగుతుంది. ఫ్యాను బాగుచెయ్యడం రైల్వే పని, ఒప్పుకుంటాను. దొర కొడుకు బొమ్మరైలు ఎవరి పని? అడిగితే, "ఊరుకో, సంతకం మిగిలుంది," అన్నాడు.

పని మాత్రం బాగా చేశాడు. డబ్బా నల్లగా, ఇటుకంత బరువుగా ఉంది. గాలి తగలడానికి పక్కల సన్నటి చీలికలు. గుడ్డ అల్లిన పాత వైరు డబ్బాలోకి దూరేచోట తెగిపోయి ఉంది. ఆ గుడ్డ ఒలిస్తే లోపలి రబ్బరు చేప పొలుసుల్లా రాలింది. బావ మరలు విప్పి పాత వైరు తీసి పారేశాడు. కొత్త వైరు చివర్లు చాకుతో గీకి, రాగి పోగులు మెలిపెట్టాడు. మా గుడిసెలో కరెంటు ఎక్కడిది, తగరం కరిగించి మాటు వేసే కడ్డీని కుంపట్లో కాల్చి ఇచ్చింది నేనే. వైరు కదలకుండా పట్టుకున్నదీ నేనే. మాటు వేశాక, వైరుకి డబ్బా లోపలే ఒక ముడి వేశాడు.

"అదెందుకు?"

"పిల్లలు వైరట్టుకుని లాగుతారు గదా. ముడుంటే లాగుడంతా దాని మీదే పడతాది, మాటు ఊడదు." తర్వాత డబ్బా లోపలికి దీపం చూపించాడు. "ఇటు సూడు నర్సూ. లోపల తీగ సుట్లు రెండున్నాయి. గోడలోంచి పెద్ద కరెంటు ఒక సుట్టులోకి వస్తాది. రెండో సుట్టు దాన్ని సిన్నది సేసి పట్టాలమీదికి ఒగ్గుతాది. అందుకే పిల్లలు పట్టాలు ముట్టుకున్నా ఏటీ అవదు. ఈ రెండూ ఒకదానికొకటి తగిలితే మాత్రం పెద్ద కరెంటే పట్టాలెక్కీస్తాది. పిల్లడు అతుక్కుపోతాడు. లోపలికి నీళ్ళు దూరినా రెండూ తగిలినట్టే. అందుకే దీనికి తడి తగలనివ్వకూడదు."

ఈ మాటలన్నీ అతనే చెప్పాడు. గుర్తుపెట్టుకోండి.

నవమి నాడు మా ఇళ్ళల్లో ఇనుము పని చెయ్యదు. సుత్తి, పట్టకారు, కత్తిపీట, చివరికి కుట్టుసూది దాకా తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి పూజలో పెడతాం. దశమి పొద్దున్న కొబ్బరికాయ కొట్టాకే మళ్ళీ తియ్యాలి. ఆ పొద్దున్న బావ షెడ్డులో పూజకి వెళ్ళాడు. డబ్బాని పనిముట్ల పెట్టె పక్కనే వదిలేసి వెళ్ళాడు. నేను పువ్వులకని బుధవారీ బజారుకి వెళ్ళాను. ఇంట్లో మా అత్త అప్పయమ్మ ఒక్కతే ఉంది. ఆవిడ లెక్కలో పెట్టెలో ఉన్నదీ, పెట్టె పక్కన ఉన్నదీ అంతా కొడుకు పనిముట్టే.

నేను తిరిగొచ్చేసరికి గోడవార పీటమీద అన్నీ సర్ది ఉన్నాయి. మా మామ వాడిన సుత్తి, బావ పట్టకార్లు, నా కత్తిపీట. వాటి నడిమధ్య దొరబాబు రైలు డబ్బా. చింతపండు వేసి తోమినట్టుంది, నల్లరంగు మీద గీతలు పడ్డాయి. నాలుగు పక్కలా పసుపు, మీద కుంకుమ. కొత్త వైరుని కూడా చుట్టచుట్టి, దానికీ ఒక బొట్టు పెట్టింది.

"అత్తా, దీన్ని కడిగీసినావేటి?"

"కడక్కుండా పూజకెలాగెడతానే? తొట్లో ముంచి తోమినాను. సీలికల్లోంచి ఎంత మురికొచ్చిందో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమేం తిట్టానో ఇప్పుడు చెప్పలేను. వయసు చూడలేదు, వరస చూడలేదు, పండగ చూడలేదు. "నా కొడుకు పనిముట్టనుకున్నానే," అని మాత్రం అంది అత్త.

మధ్యాహ్నం బావ నూకరాజుని వెంటబెట్టుకుని వచ్చాడు. పీటమీద డబ్బా చూడగానే అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. చెయ్యి చాచబోతే అత్త అడ్డం నిలబడింది.

"దసిమి దాకా కదపకూడదు. మీ నాన్న ఏనాడూ కదపలేదు."

"ఇది మనది కాదే అమ్మా," అంటూ ఆవిడ పక్కనుంచి చెయ్యి దూర్చి డబ్బా లాక్కున్నాడు. పసుపూ కుంకుమా పంచెతో తుడిచాడు. తలకిందులుగా పట్టుకుని ఊపాడు. చీలికల్లోంచి పసుపునీళ్ళు ధారగా కారి నేలమీద పడ్డాయి. నేను చూశాను. బావ చూశాడు. నూకరాజూ చూశాడు.

"ఈయేళ అవదు, ఎల్లుండి ఇస్తానని సెప్పు," అన్నాను.

"టీ ఈయేళ. ఎల్లుండెవడికి కావాలి?"

"తడిసిందని సెప్పు. మూతిప్పి ఎండలో ఎడతానని సెప్పు."

"మా అమ్మ దీనికి తానం సేయించి బొట్టెట్టిందని దొరతో సెప్పమంటావా? బంగళా బంగళా నవ్వుతాది. వైరు మార్సమని డబ్బా ఇస్తే పూజ సేసి పాడుసేసినోడు, ఈడినా పర్మినెంటు సేసేది అంటాడు. సంతకం ఎడతాడా ఆనక?"

"మరి పిల్లలో?"

"పైపైన తడిసింది. దారిలో ఆరిపోద్ది."

రెండు చుట్ల సంగతి నాకు చెప్పిన నోరే ఇది. నా మొహంలోకి చూడలేక నేల చూస్తూ అన్నాడు. డబ్బాని గుడ్డలో చుట్టి నూకరాజు చేతికిచ్చాడు. నూకరాజు పట్టుకుపోయాడు. బావ వెళ్ళి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటిదాకా నా కోపమంతా అత్తమీదే. ఆవిడ నా దగ్గరికొచ్చి, బిడ్డ తప్పుచేసి అడిగినట్టు, "ఒలే నర్సూ, నాను కడిగినందుకు ఆ పిల్లడికేటైనా అవుద్దేటి?" అని అడిగింది. గోళ్ళ సందున ఇంకా పసుపు ఉంది. ఈవిడ తెలియక చేసింది. అన్నీ తెలిసి చేసినవాడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నేను పొద్దుట్నించీ తిట్టాల్సిన మనిషిని వదిలేసి ఇంకొకర్ని తిట్టానని అప్పుడు తెలిసింది.

"నువ్వెల్లు. నువ్వైతే బేగి ఎల్తావు," అంది అత్త.

బంగళాలవైపు మా ఆడవాళ్ళు వెళ్ళరు. వెళ్ళినా వెనక గుమ్మానికి వెళ్తారు. నేను ముందు గేటు తోసుకుని వెళ్ళాను. వరండా పక్క గదిలో నేలమీద బొమ్మ పట్టాలు గుండ్రంగా పరిచి ఉన్నాయి. దొర కొడుకూ వాడి స్నేహితులూ చుట్టూ మోకాళ్ళమీద కూర్చున్నారు. చేతులు పట్టాలమీదే ఉన్నాయి. డబ్బా పక్కన చిన్న బల్లమీద ఉంది. దొర గోడ దగ్గర వంగి ప్లగ్గు పెడుతున్నాడు.

"రుకో సాబ్. అందర్ గీలా హై," అన్నాను. నాకొచ్చిన హిందీ అంతే. లోపల తడిగా ఉందని చెప్పడానికి అది చాలదూ? దొర తలెత్తి, ఇదెవరు అన్నట్టు చూశాడు. బయటికి పంపెయ్యమని నూకరాజుకి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యే మళ్ళీ స్విచ్చి మీదికి వెళ్ళింది.

నేను గదిలోకి ఒక్క దూకు దూకి వైరు పట్టుకుని లాగాను. వైరు ఊడి చేతికొస్తుందనుకున్నాను. బావ ముడి గట్టిగా వేశాడు కదా, వైరు ఊడలేదు. గోడలో ప్లగ్గు ఊడింది, డబ్బా బల్లమీదినుంచి ఎగిరొచ్చి పట్టాలమీద పడింది. మూల చితికింది. చిన్న ఇంజను దొర్లిపోయి దాని చక్రం విరిగింది. దొర కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. దొరసాని లోపల్నించి పరిగెత్తుకొచ్చి పిల్లల్ని వెనక్కి లాక్కుంది. పిచ్చికుక్క గదిలోకొస్తే ఎలా చూస్తారో అలా చూసింది నన్ను.

దొర అరిచాడు. నేనూ అరిచాను. "గీలా హై, గీలా హై," అని డబ్బా చూపించాను. వంగి దాన్ని చేత్తో ముట్టుకుంటే తెలిసిపోయేది. ఒక్కరూ వంగలేదు. నూకరాజు మధ్యలోకొచ్చి దొరకి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలిసింది రెండే ముక్కలు: పూజ, దేవి.

"నీళ్ళ మాట సెప్పు నూకరాజూ. కారుతుంటే నువ్వూ సూసినావు గదా."

"సెప్తన్నాను వదినా, నువ్వూరుకో."

చెప్పలేదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. తడి డబ్బా అని తెలిసీ మోసుకొచ్చినవాడు తనే. ఆ మాట బయటపడితే ముందు తన ఉద్యోగానికే ఎసరు. ఎవడి పొట్ట వాడిది. ఆ పట్టాలమీద చేతులు పెట్టిన పిల్లల్ని తలుచుకున్నవాడు మాత్రం అక్కడ ఒక్కడూ లేడు.

బావకి కబురెళ్ళింది. వచ్చాడు. నన్ను గేటు బయట నిలబెట్టి తను లోపలికెళ్ళాడు. చాలాసేపటికి తలొంచుకుని బయటికొచ్చాడు.

"సెప్పినావా?" అన్నాను.

"సెప్పినాను," అన్నాడు.

ఏం చెప్పావని నేను అడగలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే పోయింది, జన్మకో నిజం చెప్పాడు, కట్టుకున్నందుకు ఒక్కసారి మగాడనిపించుకున్నాడు అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ పూట అతని కంచంలో గారెలు నా వాటా కూడా వేశాను. నీ కొడుకు నిజం చెప్పాడత్తా అన్నాను. ఆవిడ కళ్ళొత్తుకుని, పూజలో మిగిలిన పనిముట్లకి దణ్ణం పెట్టుకుంది.

దీపావళి దాటాక బావ పర్మినెంటు అయ్యాడు. వెనకే క్వార్టరు కూడా వచ్చింది.

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. తర్వాత ఆ తెరిచిన నోటితోనే దొరని పొగడటం మొదలుపెట్టాను. దొరంటే అలా ఉండాలి, నిజం చెప్పినవాడికి అన్నం పెట్టాడు, అచ్ఛా ఆద్మీ అని కొత్త కాలనీలో కుళాయి దగ్గర కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. వాళ్ళు నా మొహంలోకి అదోలా చూసి ఊరుకునేవాళ్ళు. కొందరు బిందె సగం నిండకముందే ఎత్తుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కొత్తగా వచ్చాం కదా, ఇంకా కలవలేదు అనుకున్నాను.

ఒకరోజు నూకరాజు పెళ్ళాం మంగాయమ్మ వచ్చింది. మంచి మనిషి, ఎగతాళికి వచ్చింది కాదు. విభూతి పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, "ఇప్పుడెలాగుంది వదినా, కాసింత తగ్గిందా?" అని అడిగింది.

"ఏటి తగ్గాలి?"

ఆమె తడబడింది. నేను వదలలేదు. చివరికి చెప్పింది. "అన్నియ్య ఆ రోజు దొరగారికి అంతా సెప్పుకున్నారంట గదా. నీకు తల బాగోదని, అమాసకీ పున్నానికీ ఒళ్ళు తెలీదని. ఇలాటి పెళ్ళాన్నీ, ముసిలి తల్లినీ పెట్టుకుని నెట్టుకొస్తన్నాను సాబ్ అని ఏడిసినారంట. దొరసాని కూడా పాపం అందంట. ఆయమ్మే పట్టుబట్టి సంతకం ఎట్టించిందంట. మా ఆయన ఆడే ఉన్నాడు."

ఆమె వెళ్ళిపోయాక ఆ విభూతి పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాను. కుళాయి దగ్గర ఇన్నాళ్ళూ దొరని నేను పొగుడుతుంటే వాళ్ళకి ఏం వినిపించిందో అప్పుడు తెలిసింది. పిచ్చిది, తన పిచ్చి గురించి తనే చాటుకుంటోంది అనుకుని ఉంటారు.

బావ డ్యూటీనుంచి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నాకు పిచ్చని సెప్పినావా?"

"మెల్లగా మాటాడు. పక్కోళ్ళింటారు."

"ఇననీ. సెప్పినావా?"

"మరేటి సెప్పమంటావు? తడిదని తెలిసే ఇచ్చినానంటే నన్ను జెయిల్లో ఎడతారు. నీకు తల బాగోదంటే నీకేటి పోయింది? ఇంట్లో ఉండేదానివి. నీకు డ్యూటీ ఉందా, పైవోడున్నాడా? క్వార్టరు క్వార్టరని నువ్వే గదా పోరినావు."

నాకేం పోయిందని అడిగాడు. దొర కొడుకుని బతికించింది నేను. ఇతన్ని జైలుకి పోకుండా కాచిందీ నేనే, ఆ స్విచ్చి పడి ఉంటే ఏమయ్యేదో అతనికి నాకంటే బాగా తెలుసు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. అతన్ని ఆ గుమ్మంలోనే కొట్టాలనిపించింది.

అత్త లోపల్నించి అంతా వింది. నెమ్మదిగా వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒరే త్రినాథా, తడిపింది నాను. అంతగా ఎవరికో పిచ్చని సెప్పాలంటే నాకని సెప్పలేకపోయావురా? నాను ఇయ్యాలో రేపో పోయేదాన్ని."

బావ చెప్పులు విడిచి, మా ఇద్దరి మధ్యనుంచి లోపలికెళ్ళి అన్నం పెట్టమన్నాడు. "పిచ్చిదాన్ని, నన్నడుగుతావేటి?" అన్నాను.

ఆ రోజునుంచి నాది ఒకటే మాట. కూరేం చేశావంటే, పిచ్చిదాన్ని, నన్నడుగుతావేటి. చొక్కా ఎక్కడుందంటే, పిచ్చిదాన్ని, నన్నడుగుతావేటి. అలా ఎన్నాళ్ళో కాపరం చేశాం. చివరికి అతనే దిగొచ్చాడు. "తప్పయిపోనాది నర్సూ. నీకేటీ లేదు. నాకు తెలుసు," అన్నాడు.

"నాకూ తెలుసు. తెలియాల్సింది మనకి కాదు. ఎల్లి దొరకి సెప్పు, దొరసానికి సెప్పు. ఆ బంగళాలోంచి వస్తే కాలనీ నమ్ముతాది. నువ్వు పర్మినెంటు మనిషివి, ఇప్పుడు నిన్ను పీకీలేరు."

"సమయం సూసి సెప్తాను," అన్నాడు.

సమయం వస్తూనే ఉంది, పోతూనే ఉంది. యుద్ధం మొదలైంది. దొరకి బొంబాయివైపు బదిలీ అయింది. వెళ్ళే రోజున షెడ్డు మనుషులంతా దండలు వెయ్యడానికి స్టేషనుకి వెళ్తున్నారని తెలిసింది. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేనడక్కుండానే వాళ్ళమ్మ తలమీద చెయ్యి పెట్టి, "ఈయేళ సెప్పేస్తాను. దొరసాని కూడా ఉంటాది గదా, ఇద్దరికీ సెప్పేస్తాను," అన్నాడు.

నేను పొయ్యి వెలిగించలేదు. అత్తా నేనూ గుమ్మంలో కూర్చున్నాం. నమ్మానా అంటే, నమ్మాను. మెయిలు వచ్చిన కూత విన్నాం. చాలాసేపటికి వెళ్ళిన కూతా విన్నాం. తర్వాత బావ వచ్చాడు.

"సెప్పినావా?"

"సెబ్దామనే దగ్గరికెల్లినాను. దండేసినాను. నోరిప్పీలోగా బండి కదిలిపోనాది."

బొంబాయి మెయిలు బిలాస్‌పూర్‌లో ఇంజను మార్చుకోకుండా కదలదు. పాతది ఊడి షెడ్డుకి పోవాలి, కొత్తది వచ్చి తగులుకోవాలి, ఈలోగా బండి బండంతా దిగి టీ తాగుతుంది. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. రైల్వే మనిషి, రైల్వే క్వార్టరు గుమ్మంలో నిలబడి, నా మొహం మీద ఆ మాట అన్నాడు. అంటే నాకు పిచ్చేనని అతను కూడా నమ్మేశాడన్నమాట.